22 శాతం తేమ అంటే ఎక్కువా, తక్కువా?

బెంగళూరు దాటి దేవనహళ్లి మీదుగా చిక్కబళ్లాపురం వైపు వెళ్లినా, హొసకోటె మీదుగా కోలారు వైపు వెళ్లినా ద్రాక్ష పందిళ్లు, మామిడి తోటలు, దానిమ్మ వరుసలు ఎదురవుతాయి. నంది కొండల దగ్గర పెన్న పుడుతుంది గానీ ఏడాది పొడవునా పారే నది ఈ రెండు జిల్లాల్లో ఒక్కటీ లేదు. తోటలు బతికేది బోర్ల మీద. చాలాచోట్ల బోరు లోతు వెయ్యి అడుగులు దాటి ఎన్నో ఏళ్లయింది. ఇలాంటి చోట నేలలో తేమ ఎంత ఉందో కొలిచి ఫోనుకు పంపే మీటరు వస్తే రైతులు ఎగబడి కొంటారని ఎవరైనా అనుకుంటారు. కొన్నవారు ఉన్నారు. కొన్న రెండో ఏడాదికి దాన్ని చూడటం మానేసినవారూ ఉన్నారు.

కారణం అడిగితే రైతుకు సాంకేతికత తెలియదని, చదువు చాలదని తేలిగ్గా చెప్పేస్తుంటారు. ఈ సమాధానం నమ్మదగ్గది కాదు. సెల్‌ఫోనుతో మోటారు వేసి ఆపే స్టార్టరును ఇదే రైతులు ఎవరి శిక్షణా లేకుండానే నేర్చుకున్నారు. ఆ స్టార్టరు చేసే పని రైతుకు ముందే తెలుసు, అర్ధరాత్రి పొలానికి నడిచే శ్రమను అది తప్పించింది. తేమ మీటరు అలాంటిది కాదు. అది ఒక అంకెను చూపి ఊరుకుంటుంది. ఆ అంకెను చూసి ఈరోజు వాల్వు తిప్పాలా, తిప్పితే ఎంతసేపు అన్నది తేల్చుకోవడం రైతు పని. శిక్షణ పేరుతో జరుగుతున్నదంతా పరికరాన్ని బిగించడం దగ్గర, యాప్‌లో లాగిన్ కావడం దగ్గర ఆగిపోతోంది. అంకె నుంచి తడి దాకా ఉన్న దారిని చూపించేవారు తక్కువ.

అంకె ఎక్కడి నుంచి వస్తుంది

ఇప్పుడు తోటల్లో ఎక్కువగా కనిపించే డిజిటల్ మీటర్లు మట్టిలో నీటిని నేరుగా తూచవు. రెండు మూడు లోహపు పుల్లల మధ్య ఉన్న మట్టి విద్యుత్ క్షేత్రానికి ఎలా స్పందిస్తుందో చూస్తాయి. ఈ స్పందనను కొలిచే లెక్కలో గాలి విలువ 1, మట్టి రేణువుల విలువ 3 నుంచి 5, నీటి విలువ సుమారు 80. నీటికీ మిగతావాటికీ ఇంత తేడా ఉండటం వల్లనే, మట్టిలో నీరు కొంచెం పెరిగినా మీటరు పసిగడుతుంది. దాన్నిబట్టి వంద పాళ్ల మట్టిలో నీరు ఎన్ని పాళ్లు ఉందో లెక్కగట్టి శాతంగా చూపుతుంది.

చిక్కు ఈ శాతంతోనే మొదలవుతుంది. ఫోనులో 22 శాతం అని కనిపిస్తే పరీక్షలో వందకు 22 మార్కులు వచ్చినట్టు అనిపిస్తుంది, తోట ఎండిపోతోందని రైతు మోటారు వేస్తాడు. నిజానికి కోలారు ఎర్ర ఇసుక నేలలో 22 శాతం అంటే నేల పట్టుకోగలిగినంత నీరు దాదాపు పూర్తిగా ఉన్నట్టే. అలాంటి నేల గరిష్ఠంగా నిలుపుకునేది 20 నుంచి 22 శాతం. 9, 10 శాతానికి దిగితే చెట్టు ఇక నీటిని లాగలేక వాడిపోతుంది. అదే 22 శాతం బంక పాలు ఎక్కువున్న నల్లరేగడిలో కనిపిస్తే చెట్టు కష్టంలో ఉన్నట్టు లెక్క. ఆ నేల 38, 40 శాతం వరకు నీటిని పట్టుకుంటుంది గానీ అందులో సగానికి పైగా బంకమట్టి గుప్పిట్లోనే ఉండిపోతుంది, వేరుకు దక్కదు. అంటే ఒకే అంకె ఒక తోటలో మోటారు ఆపమంటుంది, ఇంకో తోటలో వెంటనే వేయమంటుంది. యాప్‌లో ముందే నింపి పంపిన ఎరుపు, పచ్చ గీతలు ఏ నేలను తలచుకుని గీశారో అడిగే రైతు అరుదు. అడిగితే జవాబు చెప్పగలిగే టెక్నీషియన్ ఇంకా అరుదు.

రెండో రకం కొలత టెన్సియోమీటరుది. నీరు నింపిన గొట్టం, అడుగున సన్నని రంధ్రాలున్న పింగాణీ మొన, పైన ఒక గేజీ, అంతే దాని నిర్మాణం. మట్టి ఎండేకొద్దీ మొన నుంచి నీటిని లాగుతుంది, ఆ లాగుడును గేజీ సెంటీబార్లలో (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) చూపుతుంది. చెట్టు వేరు పడే శ్రమ ఇంచుమించు ఇదే కాబట్టి నేల రకం మారినా ఈ అంకెకు అర్థం పెద్దగా మారదు. రైతుకు నేర్పడానికి దీన్ని మించిన పరికరం లేదన్న అభిప్రాయానికి బలం ఉంది. కాకపోతే 80 సెంటీబార్లు దాటితే గొట్టంలోకి గాలి చొరబడి పని ఆగిపోతుంది, మళ్లీ నీరు నింపాలి. పైగా శాతం తేమతోపాటు పెరిగితే, సెంటీబారు ఎండతోపాటు పెరుగుతుంది. ఒకే శిక్షణలో రెండూ చూపించి, ఒకటి ఎక్కువైతే మంచిదని, ఇంకోటి ఎక్కువైతే చెడ్డదని చెప్పి పంపించే కార్యక్రమాలు రైతుకు మేలు కన్నా తికమకే ఎక్కువ పంచుతాయి. ఏదో ఒకటి ఎంచుకుని సీజనంతా దాంతోనే నడవాలి.

రైతు తానే తేల్చుకోవలసిన రెండు గీతలు

తోటకు పనికివచ్చే అంకెలు రెండే. నేల నిండినప్పుడు మీటరు చూపే అంకె ఒకటి, తడి ఇవ్వక తప్పని స్థితిలో చూపే అంకె రెండోది. ఈ రెండింటినీ ఏ కంపెనీ కాగితం నుంచో తీసుకోనక్కర్లేదు, తోటలోనే దొరుకుతాయి. డ్రిప్పు బాగా నడిపి, లేదా పెద్ద వాన పడ్డాక, ఒకటి రెండు రోజులు ఆగితే అదనపు నీరు కిందికి జారిపోతుంది. అప్పుడు మీటరు స్థిరంగా చూపేదే నిండు గీత. రెండోది తేల్చడానికి పార అవసరం. మీటరుకు దగ్గరగా, చెట్టు వేరు దెబ్బతినకుండా, అడుగున్నర లోతు గుంట తీసి ఆ లోతులోని మట్టిని పిడికిట పట్టి చూడాలి. ముద్ద కడుతోందా, వదిలితే విరిగిపోతోందా, అరచేతికి చెమ్మ అంటుతోందా అన్నది ఎవరూ నేర్పనక్కర్లేకుండా రైతుకు తెలుసు. ఆ రోజు ఫోనులో ఉన్న అంకెను గుంట తీసిన తేదీతో పాటు కాగితం మీద రాసుకుంటే, అలా నాలుగైదు సార్లు చేసేసరికి చేతి అంచనాకూ మీటరు లెక్కకూ లంకె కుదురుతుంది.

చాలా శిక్షణల్లో లోపించేది ఈ పని. మట్టిని చేత్తో చూసే పాత పద్ధతిని వదిలించడమే ఆధునికత అనుకుంటారు. చేతి అంచనాలో నిజమైన లోపం ఒకటుంది: రైతు సాధారణంగా పై నాలుగు వేళ్ల మట్టినే చూస్తాడు. వేసవిలో పై మట్టి ఒక్క మధ్యాహ్నానికే ఎండిపోతుంది, కింద అడుగు లోతున తేమ పుష్కలంగా ఉండవచ్చు. గుంట తీసి ఆ తేడా ఒక్కసారి కళ్లతో చూసిన రైతుకు మీటరు మీద నమ్మకం కుదరడానికి వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

ఎంతసేపు నీరు పెట్టాలన్నది ఆ తర్వాతి ప్రశ్న. దానికి చిన్న లెక్క చాలు. ఒక చెట్టు చుట్టూ డ్రిప్పు తడిపే వలయం వ్యాసార్ధం ఒక మీటరు (100 సెంటీమీటర్లు), వేళ్ల లోతు 60 సెంటీమీటర్లు అనుకుంటే, ఆ మట్టి పరిమాణం దాదాపు 1.9 ఘనపు మీటర్లు. ఎర్ర ఇసుక నేలలో చెట్టుకు దక్కే నీరు సుమారు పదో వంతు, అంటే 190 లీటర్లు. అందులో సగం వాడుకున్నాక తడి ఇవ్వాలన్నది సాధారణ నియమం. కాబట్టి ఒక తడికి నింపవలసింది 95 లీటర్లు. చెట్టుకు గంటకు 8 లీటర్లు ఇచ్చే డ్రిప్పర్లు నాలుగు ఉంటే మూడు గంటలు సరిపోతుంది. వేసవిలో రోజుకు 40 లీటర్లు తాగే చెట్టుకు ఈ నీరు రెండు రోజులకు పైగా వస్తుంది. ఆరు గంటలు నడిపితే మిగతా సగం వేళ్లను దాటి కిందికి పోతుంది. పోయేది నీరొక్కటే అయితే నష్టం కొంతే. డ్రిప్పులో కలిపి పంపిన నత్రజని కూడా నైట్రేట్ రూపంలో ఆ నీటితోపాటే దిగిపోతుంది. ఎరువు సంచి ధర తెలిసిన రైతుకు నీటి పొదుపు గురించి చెప్పడం కన్నా ఈ మాట చెప్పడం ఎక్కువ పనిచేస్తుంది.

కింది మీటరు

ఖర్చు తగ్గించుకోవడానికి చాలామంది ఒకే మీటరు పెడతారు. పండ్ల తోటకు ఇది నప్పదు. అడుగు లోతున ఒకటి, రెండడుగుల లోతున ఒకటి ఉండాలి, రెండింటిలో ఎక్కువ సంగతులు చెప్పేది కిందిదే. తడి ఇచ్చిన ప్రతిసారీ కింది మీటరు గ్రాఫు కూడా పైకి లేస్తుంటే నీరు ఎక్కువైనట్టు. పైది లేస్తూ పడుతూ ఉండి, కిందిది నిలకడగా ఉంటే తడి సరిపోయినట్టు. పైది బాగానే ఉండి కిందిది వారాల తరబడి మెల్లగా దిగుతుంటే రోజూ ఇచ్చే నీరు చాలడం లేదు, చెట్టు లోతులో దాచుకున్న తేమను తోడుకుంటోంది. గ్రాఫు గీతల ఈ మూడు తీరులను గుర్తుపట్టడానికి అక్షరాలు అక్కర్లేదు, అంకెలూ అక్కర్లేదు. శిక్షణకు ఒక్క గంటే సమయం ఉంటే ఆ గంటను దీనికే ఇవ్వాలి.

బిగించడంలో జరిగే పొరపాట్లకూ కొంత చోటివ్వాలి. మీటరు చూసేది తన చుట్టూ ఉన్న గుప్పెడు మట్టిని. ఆ గుప్పెడు ఎకరానికి ప్రతినిధి కావాలంటే తోట మధ్యలో, మిగతావాటిలాంటి చెట్టు దగ్గర, డ్రిప్పరుకు జానెడు దూరంలో పెట్టాలి. గట్టు పక్కన, గేటు దగ్గర, సులువుగా నడిచి వెళ్లే చోట పెడితే అది గట్టు సంగతే చెబుతుంది. గులకరాళ్లు ఎక్కువున్న నేలలో పుల్లల చుట్టూ గాలి ఖాళీలు మిగిలిపోతే అంకె ఎప్పుడూ తక్కువే చూపుతుంది. జల్లెడ పట్టిన మట్టిని నీటితో కలిపి పలుచని ముద్దగా పోసి బిగిస్తే ఆ బెడద తగ్గుతుంది. పక్కనున్న డ్రిప్పరు మూసుకుపోతే తోటంతా ఎండినట్టు, ఊడిపోతే తోటంతా తడిసినట్టు సందేశాలు వస్తాయి. ఎరువు నీళ్లు పంపిన రోజున కొన్ని రకాల మీటర్లు ఉప్పదనానికి మోసపోయి తేమను ఎక్కువ చేసి చూపుతాయి కాబట్టి ఆ ఒక్క రోజు అంకెను పట్టించుకోకపోవడమే మంచిది. ఎలుకలు కొరికిన వైర్లు, గుంటక తగిలి తెగిన కేబుళ్లు సరేసరి.

బెట్టకు వదిలే రోజుల్లో మీటరు ఏం చెప్పాలి

కూరగాయలకు తయారుచేసిన సలహాను పండ్ల తోటలకు అంటగట్టడం ఈ రంగంలో జరిగే పెద్ద తప్పు. టమాటాకు ఎప్పుడూ తేమ కావాలి. పండ్ల చెట్టుకు కొన్ని వారాలు కావాలనే నీరు ఆపుతారు. దానిమ్మలో పూత ఒక్కసారిగా రావడానికి నెల, నెలన్నర బెట్టకు వదలి, ఆకు రాల్చి, తర్వాత తడి మొదలుపెడతారు. మామిడిలో పూతకు ముందు రెండు మూడు నెలలు నీరు ఆపకపోతే చెట్టు పూతకు బదులు కొత్త చిగురు తొడుగుతుంది. శ్రీనివాసపురం మామిడి రైతుకు ఇది తాతల నాటి నుంచి తెలుసు. ఆ రోజుల్లో ఫోను రోజూ ఎర్ర గంట మోగించి నీరు పెట్టమని చెబుతుంటే, అతను మీటరును పక్కన పెట్టడమే సహజం. మీటరుకు తోట సంగతి తెలియదని అతను చేసే నిర్ణయంలో తప్పేమీ లేదు.

హెచ్చరిక గీతలను పంట దశను బట్టి మార్చుకునే వీలు చాలా యాప్‌లలో ఉంటుంది. దాన్ని మార్చే చెయ్యి మాత్రం రైతుది కాదు, అమ్మిన సంస్థది. పిందె బఠాణీ గింజంత అయ్యాక మామిడికి క్రమం తప్పని తడి కావాలి, కోతకు ముందు తగ్గించాలి. దానిమ్మలో కాయ ఊరే దశలో నేల బాగా ఎండి, ఒక్కసారిగా నీరు అందితే లోపలి గింజలు ఉబ్బి పైతొక్క పగులుతుంది. పగిలిన కాయ ధర బాక్సుల్లో పెట్టి అమ్మే మంచి కాయ ధరలో సగం కూడా పలకదు. భౌగోళిక గుర్తింపు ఉన్న బెంగళూరు బ్లూ ద్రాక్షలోనూ పండే వేళ తడి హెచ్చుతగ్గులు గుత్తులను చెడగొడతాయి. అందువల్ల ఈ ప్రాంతపు రైతుకు మీటరు విలువను నీటి పొదుపుతో కాకుండా పగుళ్లు తగ్గడంతో చూపించడం మేలు. కర్ణాటకలో 10 హార్స్‌పవర్ వరకు వ్యవసాయ మోటార్లకు కరెంటు ఉచితం. రెండు గంటలు మోటారు తక్కువ నడిపినందుకు రైతు బిల్లులో ఏమీ తగ్గదు.

కరెంటు ఉచితమే గానీ ఎప్పుడు పడితే అప్పుడు రాదు. త్రీఫేజ్ సరఫరా రోజుకు కొన్ని గంటలే, అదీ కొన్నిసార్లు రాత్రిపూట. కరెంటు రాగానే దానంతట అదే మోటారు వేసే స్టార్టరు బిగించి రైతు నిద్రపోతాడు. రేపు కరెంటు వస్తుందో రాదో తెలియనప్పుడు ఈరోజే ఎక్కువ పెట్టి ఉంచుకోవడం అతని దృష్టిలో తెలివైన పని. మంగళవారం ఉదయం 6 గంటలకు తడి ఇవ్వండి అన్న సందేశం ఇలాంటి చోట నిలబడదు. ఇంకా రెండు రోజులు ఆగవచ్చు అన్న సందేశం నిలబడుతుంది. నేలలో ఎన్ని రోజుల నీరు నిల్వ ఉందో చెబితే రైతు దాన్ని కరెంటు వేళలతో తానే కుదుర్చుకుంటాడు. పైన వేసిన 95 లీటర్ల లెక్క ఉపయోగపడేది ఇక్కడే.

ఫోను ఎవరి చేతిలో ఉంది

బెంగళూరుకు ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. అనంతపురం చీనీ తోట, మదనపల్లె మామిడి తోట, హిందూపురం దగ్గరి దానిమ్మ తోట, వీటిలో ఎన్నింటికో యజమాని కొడుకో కూతురో వైట్‌ఫీల్డ్‌లోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో ఉద్యోగం చేస్తుంటారు. మీటరు కొనేది వారు, గ్రాఫు వచ్చేది వారి ఫోనుకు, చూసేది ఆఫీసు బల్ల ముందు. వాల్వు తిప్పేది తోటలో ఉన్న తండ్రి, లేదా కౌలు మనిషి. “నాన్నా, తేమ తగ్గింది, నీళ్లు పెట్టు” అని ఫోను చేస్తే, “నిన్ననే జల్లు పడింది లేరా, నేల బాగానే ఉంది” అని జవాబు వస్తుంది. ఇద్దరిలో ఎవరు సరైనవారో గుంట తీస్తే గానీ తేలదు. గుంట తీసే ఓపిక ఇద్దరికీ ఉండదు. ఆదివారం వచ్చి తోటలో తిరిగి వెళ్లే పిల్లలకు శిక్షణ ఇవ్వడం సులువు కాబట్టి సంస్థలు వారికే ఇస్తున్నాయి. ఆ పద్ధతిలో మీటరు ఎన్నాళ్లున్నా తోటలో తడి మారదు. వాల్వు దగ్గర ఉన్న మనిషికి నేర్పాలి, ఆ మనిషికి అర్థమయ్యే రూపంలో నేర్పాలి.

బాగేపల్లి, చింతామణి, ముళబాగిలు వైపు ఇంట్లో తెలుగు మాట్లాడే రైతు చదివేది కన్నడ లిపి. సరిహద్దు దాటి ఆంధ్రలో ఉన్న అతని బంధువు చదివేది తెలుగు లిపి. యాప్‌ను అనువదించినా ఒకరికి పనికివచ్చింది ఇంకొకరికి రాదు. రంగులకు ఈ ఇబ్బంది లేదు. ఆస్ట్రేలియా జాతీయ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ పరిశోధకులు రూపొందించిన కమీలియన్ అనే పరికరం మూడు లోతుల్లో తేమను నీలం, పచ్చ, ఎరుపు దీపాలతో చూపుతుంది. టాంజానియా, జింబాబ్వే, మొజాంబిక్ దేశాల చిన్న నీటిపారుదల పథకాల్లో దాన్ని వాడిన రైతులు చాలామంది తమంతట తామే తడులు తగ్గించుకున్నారు. మన దగ్గర కోయంబత్తూరులోని చెరకు ప్రజనన సంస్థ ఇదే దారిలో రంగు దీపాలతో తేమ సూచిక తయారుచేసింది. చెరకు కోసం పుట్టినా తోటల్లోనూ వాడుకోవచ్చు. ఫోనుతో పనిలేదు, సిగ్నలుతో పనిలేదు, ఏటా చందా కట్టనక్కర్లేదు. ఫసల్ వంటి బెంగళూరు అంకుర సంస్థల పరికరాలు వాతావరణం, తెగుళ్ల సూచనలు కూడా కలిపి ఇస్తాయి కాబట్టి పెద్ద తోటలకు వాటి అవసరం వాటికి ఉంది. రెండెకరాల రైతు నేర్చుకోవడం మొదలుపెట్టవలసింది మాత్రం దీపాలతోనో టెన్సియోమీటరుతోనో.

రైతులు కొలతలకు దూరంగా ఉంటారన్న అపోహకు తెలుగు నేల మీదే గట్టి జవాబు ఉంది. 2000ల దశకంలో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు వంటి కరవు జిల్లాల్లో రైతుల ఆధ్వర్యంలో భూగర్భ జల నిర్వహణ పథకం నడిచింది. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో సాగిన ఆ పథకంలో పల్లె రైతులే, వారిలో అక్షరం రానివారూ, వర్షమాపకంలో వాన కొలిచారు, బోర్లలో నీటి మట్టం కొలిచి ఊరి గోడల మీద రాశారు. రబీకి ముందు కూర్చుని ఊరికి ఎంత నీరుందో, ఏ పంట ఎంత తాగుతుందో లెక్క వేసుకున్నారు. కొలిచింది వారే కాబట్టి ఆ అంకెలను నమ్మారు. తేమ మీటరు కథ ఇందుకు తిరగబడింది: కొలిచేది పెట్టె, దాచేది ఎక్కడో ఉన్న సర్వరు, రైతుకు దక్కేది ఆదేశం.

హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థలో ప్రదర్శనలకు, బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంగణమైన జీకేవీకేలో కృషి మేళాకు తెలుగు రైతులు బస్సులు కట్టుకుని వస్తారు. మీటరును మొదటిసారి చూసేది ఆ స్టాళ్లలోనే. స్టాలు ముందు పది నిమిషాల ప్రదర్శన ఆసక్తిని రేపుతుంది, పని నేర్పదు. పని నేర్పాలంటే ఒకే ఊళ్లో ఐదారుగురు రైతులు ఒక తోటను ఎంచుకుని, సీజను పొడవునా పదిహేను రోజులకోసారి అక్కడే కలిసి, మీటరు చూడకముందే ఎవరి అంచనా వారు చెప్పి, గుంట తీసి, తర్వాత అంకె చూడాలి. ముందు అంచనా, తర్వాత అంకె అన్న వరుస తప్పకూడదు. అంకె ముందే చూస్తే చెయ్యి దానికి తగ్గట్టే మాట్లాడుతుంది.

మొదలుపెట్టే కాలమూ ముఖ్యమే. ఎండలు ముదిరి బోరు తగ్గినప్పుడు, మార్చిలో, చాలామంది మీటరు కొంటారు. అప్పటికి నేల నిండి ఉండదు, నిండు గీత తెలుసుకునే అవకాశం పోయినట్టే, తోటను ప్రయోగానికి ఎండబెట్టే ధైర్యమూ ఎవరికీ ఉండదు. కోలారు, చిక్కబళ్లాపురం వైపు వానలు జోరందుకునేది సెప్టెంబరు, అక్టోబరులో. ఆగస్టులో బిగిస్తే మంచి వాన పడిన రెండో రోజు నిండు గీత ఖర్చు లేకుండా దొరుకుతుంది. ఆ తర్వాత మామిడిని బెట్టకు వదిలే వారాల్లో మీటరు ఎంత దాకా దిగుతుందో, ఆకు ఏ అంకె దగ్గర మెత్తబడుతుందో గమనిస్తే తడి ఇవ్వక తప్పని రెండో గీత కూడా తెలిసిపోతుంది. జనవరిలో పూత వచ్చి, పిందె కట్టి, మొదటి తడి ఇవ్వవలసిన రోజుకు రైతు చేతిలో తన తోటవే అయిన రెండు అంకెలు ఉంటాయి. వాటిని యాప్‌లో కంపెనీ పెట్టిన గీతల స్థానంలో నింపమని ఫోను చేసి అడగవచ్చు. నింపడం కుదరదన్న సంస్థ దగ్గర చందా కొనసాగించాలా వద్దా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవచ్చు.